రిఫరల్ చీటీకి బాధ్యులెవరు?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) డాక్టరు ఒక గర్భిణిని పరీక్షించి, రక్తపోటు ఎక్కువగా ఉందని గుర్తించి, ఏరియా ఆసుపత్రికి వెళ్లమని చీటీ రాసిస్తారు. అక్కడ మత్తు డాక్టరు ఆ రోజు లేకపోతే అక్కడివారు ఇంకో చీటీ రాసి బోధనాసుపత్రికి పంపుతారు. ఆమె దృష్టిలో ఇవన్నీ ఒకే సర్కారు ఆసుపత్రులు. కాగితాల ప్రకారం మాత్రం కొన్ని గంటల్లోనే ఆమె మూడు వేర్వేరు పరిపాలనలను దాటింది. పీహెచ్‌సీ ప్రజారోగ్య డైరెక్టరేట్ కిందిది, ఏరియా ఆసుపత్రి, జిల్లా, ఏరియా ఆసుపత్రుల కోసం ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు నుంచి పెరిగిన ద్వితీయ స్థాయి విభాగానిది, పెద్దాసుపత్రి వైద్య విద్యా డైరెక్టరేట్‌ది. ఆమెను ఇంటి నుంచి తీసుకొచ్చిన 108 వాహనం మరో ఒప్పందం కింద నడుస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక అధికారి ఉన్నారు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు చేరేలోపు ఆమెకు ఏమైందో జవాబు చెప్పవలసిన అధికారి మాత్రం ఎవరూ లేరు. మన ప్రభుత్వ వైద్యంలో పడకల కొరత కంటే, భవనాల కొరత కంటే లోతైన లోపం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ లోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఢిల్లీలో కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ అసలు ఏం నడుపుతుందో చూడాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు రాష్ట్ర జాబితాలోని 6వ అంశం. కుటుంబ నియంత్రణ, వైద్య విద్య, అంటువ్యాధులు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పాకకుండా నిరోధించడం వంటివి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అందువల్ల కేంద్ర శాఖ కింద నేరుగా ఉన్న ఆసుపత్రులు కొద్దే: ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్, రామ్ మనోహర్ లోహియా వంటివి, పుదుచ్చేరిలో జిప్‌మర్, చండీగఢ్‌లో పీజీఐ, మనకు దగ్గరలో మంగళగిరి, బీబీనగర్‌లలోని ఎయిమ్స్. వీటిలోనూ కొన్ని స్వయంప్రతిపత్తి గల సంస్థలు. ఈఎస్ఐ ఆసుపత్రులను కార్మిక శాఖ, రైల్వే ఆసుపత్రులను రైల్వే శాఖ చూసుకుంటాయి. ఆయుష్ 2014 నుంచి ప్రత్యేక మంత్రిత్వ శాఖ. కోట్లాది మంది తొక్కే గడపలన్నీ, అంటే ఉపకేంద్రం నుంచి విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ గాంధీ, ఉస్మానియా దాకా, రాష్ట్రాలవే.

ఆసుపత్రులు నడపని శాఖ దేశమంతటా తన మాట చెల్లించుకునే సాధనాలు రెండు, ప్రమాణాలు, పథకాల డబ్బు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000కు ఒక పీహెచ్‌సీ, 1,20,000కు 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం, గిరిజన, కొండ ప్రాంతాల్లో అంతకంటే తక్కువ జనాభాకే అన్నది కొలమానం. 2005 ఏప్రిల్ 12న మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తలను తెచ్చింది, మూలనపడ్డ పీహెచ్‌సీలకు కొంత ఊపిరి పోసింది. ఇప్పుడు జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం మన రెండు రాష్ట్రాల వంటివి భరిస్తున్నాయి. ఈ మేలును తక్కువ చేయలేం. అయితే ఆ డబ్బు పద్దుల వారీగా వస్తుంది, ఆ పద్దులు జబ్బుల వారీగా, పథకాల వారీగా ఉంటాయి. క్షయకు ఒక పద్దు, దోమల జబ్బులకు ఒకటి, బీపీ, షుగర్లకు మరొకటి. ఒకే పీహెచ్‌సీలో పనిచేసే ఏఎన్‌ఎం (ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్త) ప్రతి పథకానికీ వేరే రిజిస్టరు, వేరే యాప్ నింపుతుంది. ఆమె ముందు కూర్చున్న ముసలమ్మకు క్షయా షుగరూ రెండూ ఉన్నా, ప్రభుత్వ లెక్కల్లో ఆ ముసలమ్మ ఇద్దరు మనుషులు.

జబ్బుకో కార్యక్రమం అనే ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదంటే, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ దక్కిందంటే, ఆ ఘనత ఇలాంటి సూటి కార్యక్రమానిదే. చుక్కలు వేసి పంపించే పనికి ఆ నిర్మాణం సరిపోతుంది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు మనిషి వెంట ఉండే జబ్బులకు అది సరిపోదు.

ఉద్దానం ఇందుకు కళ్లెదుటి ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరి, జీడితోటల పల్లెల్లో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషులను తినేస్తోంది. ఏళ్ల తరబడి అక్కడి రోగులు విశాఖ దాకా ప్రయాణం చేసి వైద్యం చేయించుకున్నారు. తర్వాత దగ్గరి ఆసుపత్రుల్లో డయాలసిస్ యూనిట్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇది చాలా పెద్ద ఊరట. అయినా కిడ్నీ జబ్బు కథ డయాలసిస్ యంత్రం దగ్గర మొదలుకాదు. ఊళ్లో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షతో, బీపీ అదుపుతో, నొప్పి మాత్రలు విచ్చలవిడిగా మింగకుండా చూడటంతో మొదలవుతుంది. పల్లెలో పరీక్ష చేసిన వ్యవస్థ, పట్టణంలో చికిత్స చేసే వ్యవస్థ ఒకదానికొకటి కబురు పంపుకోకపోతే, తొలి దశలో దొరికిన రోగి ఏళ్ల తర్వాత చివరి దశలో మళ్లీ కొత్త రోగిగా ఓపీ వరుసలో నిలబడతాడు.

ఈ తెగిన లంకె ఎవరికీ కొత్తగా తట్టింది కాదు. 1943లో నియమితమై 1946లో నివేదిక ఇచ్చిన సర్ జోసెఫ్ భోర్ కమిటీ దీర్ఘకాలిక ప్రణాళికలో 10,000 నుంచి 20,000 జనాభాకు 75 పడకల ప్రాథమిక యూనిట్, దాని పైన 650 పడకల యూనిట్, జిల్లా కేంద్రంలో 2,500 పడకల ఆసుపత్రి ఉండాలని చెప్పింది. ఆ పడకల సంఖ్యను మనం ఏనాడూ అందుకోలేదు, అది డబ్బు సంగతి. కానీ ఆ ప్రణాళిక ప్రాణమంతా ఈ మూడూ ఒకే జిల్లా ఆరోగ్య సంస్థలో భాగాలుగా ఉండాలనడంలో ఉంది. డబ్బు లేక మొదటిది వదిలేశామని సర్దిచెప్పుకోవచ్చు, రెండోది వదిలేయడానికి ఏ కారణం చూపగలం?

మన దగ్గర జరిగింది దానికి విరుద్ధం. ఉమ్మడి రాష్ట్రంలో 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్తును ఏర్పరచినప్పుడు ఉద్దేశం మంచిదే. జిల్లా, ఏరియా ఆసుపత్రులకు సచివాలయ ఫైళ్ల నుంచి కొంత స్వేచ్ఛ కావాలనుకున్నారు. ఆ స్వేచ్ఛ సంగతి ఎలా ఉన్నా, విభజన మాత్రం స్థిరపడింది. పీహెచ్‌సీలకు జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ), పరిషత్తు ఆసుపత్రులకు జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి (డీసీహెచ్‌ఎస్), బోధనాసుపత్రికి సూపరింటెండెంట్ అంటూ ఒకే జిల్లాలో ముగ్గురు పెద్దలు తయారయ్యారు. మిగతా ప్రభుత్వోద్యోగుల్లా ట్రెజరీ నుంచి 010 పద్దు కింద జీతాలివ్వాలని పరిషత్తు ఉద్యోగులు ఏళ్లపాటు మొరపెట్టుకోవలసి వచ్చిందంటే, ఆ గీత జీతాల దాకా ఎంత లోతుగా దిగిందో అర్థమవుతుంది. ఇప్పుడు కొత్త వైద్య కళాశాలల కోసం జిల్లా ఆసుపత్రులు ఒక్కొక్కటిగా వైద్య విద్య కిందికి మారుతున్నాయి. ప్రొఫెసర్లు రావడం మేలే. అయితే చుట్టుపక్కల సామాజిక ఆరోగ్య కేంద్రాలకు పెద్దన్నలా ఉండాల్సిన ఆసుపత్రి వేరే డైరెక్టరేట్‌కు వెళ్లిపోయినప్పుడు, ఆ కేంద్రాల బాగోగులు చూడటం దాని ఉత్తర్వుల్లో ఎక్కడా ఉండదు.

మధ్య మెట్టు ఎంత బలహీనంగా ఉందో కేంద్ర శాఖ లెక్కే చెబుతుంది. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత. శస్త్రచికిత్స, ప్రసూతి, పిల్లలు, జనరల్ మెడిసిన్ నిపుణులు నలుగురూ ఉంటేనే ఆ కేంద్రానికి అర్థం. వారు లేని చోట అది చీటీ రాసే గది. పీహెచ్‌సీ నుంచి వచ్చిన రోగిని ఆపుకోలేక నేరుగా పట్టణానికి పంపుతుంది, పట్టణంలోని పెద్దాసుపత్రి జ్వరాలతో, చిన్నచిన్న కాన్పులతో నిండిపోయి, తనకే చేతనైన పెద్ద కేసులకు చోటు లేక అవస్థపడుతుంది.

ఆరోగ్యశ్రీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషను కోసం పొలం అమ్ముకునే దుస్థితి నుంచి ఎన్నో కుటుంబాలను కాపాడింది. 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా కూడా అదే దారిలో నడిచింది. రెండూ పైమెట్టు ఖర్చును మోశాయి. కింది మెట్ల మీద రోగిని నిలబెట్టే పని వాటిది కాదు. దేశంలో ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2021-22లో స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతమే. 2025 నాటికి 2.5 శాతానికి చేరాలని, అందులో మూడింట రెండు వంతులదాకా ప్రాథమిక వైద్యానికే కేటాయించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పేర్కొంది. ఈ రెండో షరతును గుర్తుచేసేవారు చాలా తక్కువమంది.

లంకె కుదిరితే ఎలా ఉంటుందో మన దగ్గరే ఒక నమూనా ఉంది. తెలంగాణలో 2018లో హైదరాబాద్‌లో మొదలైన టీ-డయాగ్నస్టిక్స్‌లో బస్తీ దవాఖానాలోనో పీహెచ్‌సీలోనో రక్త నమూనా తీస్తారు, వాహనం దాన్ని కేంద్ర ప్రయోగశాలకు చేరుస్తుంది, ఫలితం తిరిగి డాక్టరుకు వస్తుంది. రోగి కదలడు, నమూనా కదులుతుంది. మెట్ల మధ్య ప్రయాణాన్ని ఎవరో ఒకరు తమ పనిగా తీసుకున్నందువల్లే ఇది సాధ్యమైంది. నమూనా విషయంలో చేయగలిగింది మనిషి విషయంలో ఎందుకు చేయలేం?

అందుకని కేంద్ర శాఖ జాతీయ ఆరోగ్య మిషన్ నిధుల్లో ఒక భాగాన్ని పథకాలకు కాకుండా జిల్లాకు ఇవ్వాలి, పీహెచ్‌సీ నుంచి జిల్లా ఆసుపత్రి వరకు ఒకే అధికారి కింద ఉన్న జిల్లాలకే ఇవ్వాలి. మిషన్ కింద ఇప్పటికే ఉన్న జిల్లా ఆరోగ్య సొసైటీకి ఆసుపత్రుల సిబ్బందిపై, బడ్జెట్‌పై నిజమైన అధికారం కల్పించాలి. బోధనాసుపత్రి వైద్య విద్య కిందే ఉండవచ్చు, కానీ తన చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే రిఫరల్ కేసులకు అది ఆ అధికారికి లెక్క చెప్పాలి. రోగి డిశ్చార్జి అయిన రోజే ఏ మందులు, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్న వివరాలు ఆ పీహెచ్‌సీ డాక్టరుకు, ఆ ఊరి ఏఎన్‌ఎంకు చేరాలి. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇస్తున్న 14 అంకెల ఆరోగ్య సంఖ్యకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనిపించడం లేదు. జిల్లా సమీక్షల్లో ఎన్ని కేసులు రిఫర్ చేశారని అడుగుతున్నారు. వాటిలో ఎన్ని గమ్యం చేరాయి, ఎంతమంది క్షేమంగా ఇంటికి తిరిగొచ్చారు, వారిని తర్వాత ఎవరు చూశారు అని కలెక్టరు అదే వరుసలో అడగాలి.