మైగ్రేన్ వస్తే ఓర్చుకోమని చెప్పే ఆ మెసేజ్ దయచేసి ఫార్వర్డ్ చేయకండి

మొన్న మా పిన్ని ఒక వాట్సాప్ మెసేజ్ పంపింది, "చూడమ్మా, నీ తలనొప్పికి పనికొస్తుందేమో" అని. అంతకుముందు ఇద్దరు ఫ్రెండ్స్ దగ్గర్నుంచి కూడా అదే వచ్చింది, మీలో కూడా చాలామంది చూసే ఉంటారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. టెన్షన్ పడితే తలలోకి రక్తం ఎక్కువ చేరుతుంది, అదే మైగ్రేన్, వేడినీళ్ళలో పాదాలు పెడితే రక్తం కిందికి దిగిపోయి నొప్పి పోతుంది. గ్లాసు నీళ్ళలో చెంచా ఉప్పు, నిమ్మరసం కలిపి తాగితే 5 నిమిషాల్లో మాయం. మాత్రలు విషం, కాబట్టి ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకుని, ఇక ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఒకటి వేసుకోవాలి. ముక్కు కారితే అది మైగ్రేన్ కాదు, సైనస్. 21 రోజులు ఇలా చేస్తే జన్మలో మళ్ళీ రాదు.

పంపినవాళ్ళ మీద నాకేం కోపం లేదు, మంచి మనసుతోనే పంపారు. కానీ పదహారో ఏట నుంచి నేను ఈ నొప్పితో బతుకుతున్నా, అందులో ఉన్న ఒక ముక్కని దాదాపు పదేళ్ళు నిష్ఠగా పాటించా కూడా, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

ముందు ఆ ముక్కే తీసుకుంటా, ఎందుకంటే మిగతావి పనిచెయ్యకపోతే పోయేది కాసేపు టైమే, ఇది మాత్రం మనిషిని రోజంతా మంచాన పడేస్తుంది. "ఓర్చుకోండి, భరించలేనప్పుడే మాత్ర." వినడానికి ఎంత బుద్ధిగా ఉందో చూడండి. నేనూ అలాగే చేసేదాన్ని. ఎడమ కణత దగ్గర నరం టకటకా కొట్టుకోవడం మొదలయ్యేది, ఇంకాసేపు చూద్దాం అనుకునేదాన్ని, మెడ పట్టేసేది, ఇంకాసేపు, వెలుగు చూస్తే కడుపులో తిప్పేది, ఇంకాసేపు. చివరికి మూడు నాలుగు గంటల తర్వాత మాత్ర మింగితే నలభై నిమిషాలకి వాంతి, అందులో ఆ మాత్ర తెల్లగా ముద్దలాగా కనిపించేది. బాత్రూమ్ గచ్చు చల్లగా ఉంటుందని చెంప దానికి ఆనించి పడుకుని, "మాత్రలు నాకు పనిచెయ్యవు" అని ఫిక్స్ అయిపోయా.

అసలు జరుగుతున్నది వేరు. మైగ్రేన్ అటాక్ వచ్చినప్పుడు కడుపు కూడా మందగిస్తుంది, లోపల ఉన్నది పేగుల్లోకి కదలడం ఆలస్యం అవుతుంది, మాత్ర రక్తంలోకి ఎక్కాలంటే ముందు పేగుల్లోకి వెళ్ళాలి కదా. అందుకే వికారం ఎక్కువ ఉన్నవాళ్ళకి డాక్టర్లు నొప్పి మాత్రతో పాటు డాంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ లాంటివి ఇస్తారు, అవి వాంతిని ఆపుతాయి, కడుపుని కూడా కాస్త కదిలిస్తాయి. ఇంకో సంగతి, నొప్పి ముదిరేకొద్దీ నరాలు రెచ్చిపోతాయి, మొదట మెదడు చుట్టూ ఉండే పొరల్లోని నరాలు, తర్వాత వాటి సిగ్నల్ అందుకునే మెదడు లోపలి కణాలు కూడా. ఆ దశకి వచ్చామని ఎలా తెలుస్తుందంటే, దువ్వెన తగిలినా నొప్పి, దిండు తగిలినా నొప్పి, జడ వేసుకున్న రబ్బర్ బ్యాండ్ కూడా పీకి పారేయాలనిపిస్తుంది. అక్కడిదాకా వచ్చాక మైగ్రేన్ కోసమే తయారుచేసిన ట్రిప్టాన్ లాంటి మందులు కూడా సరిగ్గా లొంగదీయలేవు. అదే మందు నొప్పి ఇంకా చిన్నగా ఉండగానే వేసుకుంటే పనిచేసే అవకాశం చాలా ఎక్కువ. మందు మారలేదు, డోసు మారలేదు, మారింది టైమ్ ఒక్కటే. ఈ మాట నాకు ఇరవై ఆరేళ్ళు వచ్చాక ఒక డాక్టర్ చెప్పారు, అంతవరకు ఎవ్వరూ చెప్పలేదు.

ఐతే "మాత్రలు విషం" అన్నదాంట్లో ఒక నిజం దాక్కుని ఉంది, అది దాటేసి వెళ్తే నేనూ సగం మాటే చెప్పినదాన్నవుతా. నొప్పి మాత్రలు మరీ తరచుగా వేసుకుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ లాంటి మామూలు మాత్రలైతే నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ, ట్రిప్టాన్లు, రెండు మూడు మందులు కలిపిన కాంబినేషన్ మాత్రలైతే నెలలో 10 రోజులకే, ఇలా మూడు నెలలు దాటి వాడితే ఆ గండం ఉంటుంది. అంటే లెక్కపెట్టుకోవాల్సింది నెలలో ఎన్ని రోజులు వేసుకున్నాం అనేది. ఇవాళ ఎంతసేపు ఓర్చుకున్నాం అనేది కాదు. వారానికి రెండు రోజులు మించి మాత్ర అవసరం పడుతోందంటే ఇంకా ఓర్చుకోవాలని దానర్థం కాదు, అసలు నొప్పులు రాకుండా తగ్గించే వేరే మందు మొదలుపెట్టాల్సిన టైమ్ వచ్చిందని అర్థం. అలాగే ఏ మాత్ర ఎవరికి అనేది కూడా డాక్టర్‌తో ఒకసారి తేల్చుకోవాలి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి, బీపీ కంట్రోల్‌లో లేనివాళ్ళకి ట్రిప్టాన్ ఇవ్వకూడదు, కిడ్నీ సమస్య, కడుపులో పుండ్లు ఉన్నవాళ్ళు ఇబుప్రొఫెన్ జోలికి పోకూడదు, గర్భంతో ఉన్నవాళ్ళు అయితే ఏదీ సొంతంగా వేసుకోకూడదు.

ఇక తలలోకి రక్తం చేరడం సంగతి. ఈ ఊహ మెసేజ్ రాసినాయన పుట్టించింది కాదులెండి, 20వ శతాబ్దంలో చాలాకాలం డాక్టర్లు కూడా తల రక్తనాళాలు ఉబ్బడం వల్లే ఈ నొప్పి అనుకున్నారు, కణత దగ్గర అలా కొట్టుకుంటుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి. కానీ 2013లో అచ్చంగా నొప్పి వచ్చి ఉన్న టైములోనే కొంతమందిని స్కాన్ చేసి రక్తనాళాలు కొలిచి చూస్తే, తల బయటి నాళాలు ఉబ్బనే లేదు, లోపలివి కూడా ఏదో కొద్దిగా. ఇప్పుడు తెలిసినది ఏంటంటే ఇది నరాలకీ మెదడుకీ సంబంధించిన జబ్బు, ట్రైజెమినల్ అనే ముఖం నరం కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలై నొప్పిని రాజేస్తుంది. ఇది కనిపెట్టే దారిలో పనిచేసిన నలుగురు సైంటిస్టులకి 2021లో మెదడు పరిశోధనకి ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ కూడా ఇచ్చారు. కొంతమందికి నొప్పికి ముందు కళ్ళ ముందు మెరిసే వంకరటింకర గీతలు వస్తాయి చూశారా, దాన్ని ఆరా అంటారు, అది మెదడు వెనక భాగం పైపొర మీద నిమిషానికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా పాకే ఒక అల. నాకు వచ్చినప్పుడు ముందు ఫోన్‌లో చదువుతున్న పదంలో ఒక అక్షరం మాయమవుతుంది, కాసేపటికి దాని చుట్టూ రంపపు పళ్ళలా ఒక వంపు వెలుగుతూ పెద్దదవుతుంది, ఇరవై నిమిషాలకి చూపు అంచుకి పోయి ఆరిపోతుంది. పాదాలు నీళ్ళలో పెట్టినంత మాత్రాన ఆ అల ఆగదు. పెట్టుకుంటే హాయిగా ఉంటే పెట్టుకోండి, మెడ మీద చల్లటి గుడ్డ, చీకటి గది, నిద్ర, ఇవన్నీ నిజంగానే ఊరటనిస్తాయి, నేనూ చేస్తా, కానీ మాత్ర వేసుకున్నాక చేస్తా.

టెన్షన్ అన్నారు కదా, టెన్షన్ నొప్పిని రేపగలదు, నిద్ర తగ్గినా రేగుతుంది, ఎక్కువైనా రేగుతుంది, తిండి టైమ్ తప్పినా, ఆడవాళ్ళకి నెలసరి ముందు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోయినప్పుడూ రేగుతుంది. కానీ రేపేవి వేరు, జబ్బు వేరు. జబ్బు చాలావరకు వంశంలోనే వస్తుంది. "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు, అందుకే వస్తోంది" అని నాతో అన్నవాళ్ళు ఎంతమందో, ఆ మాట వల్ల నొప్పి తగ్గలేదు సరికదా పైనుంచి సిగ్గు ఒకటి వచ్చి చేరింది.

ఉప్పు నిమ్మరసం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చెంచా ఉప్పు అంటే దాదాపు 2300 మిల్లీగ్రాముల సోడియం, పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 2000 లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. బీపీ ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు, కడుపు తిప్పుతున్నవాళ్ళకి వాంతి ఖాయం. మరి "నాకు తగ్గింది" అని అంతమంది కామెంట్లు పెడుతున్నారు కదా అంటారా? వాళ్ళు అబద్ధం చెప్తున్నారని నేను అనను. మందుల పరీక్షల్లో, నొప్పి బాగా ఉన్నప్పుడు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా నూటికి 11 మందికి 2 గంటల్లో నొప్పి పూర్తిగా పోయింది. అదే సుమట్రిప్టాన్ అనే ట్రిప్టాన్ మందు 100 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో 32 మందికి పోయింది. అంటే లక్షమంది ఉప్పునీళ్ళు తాగితే కొన్ని వేలమంది నిజాయితీగానే "తగ్గింది" అని రాస్తారు, తగ్గనివాళ్ళు చీకట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటారు, కామెంట్ పెట్టరు. ఇంకోటి, ఆ 32 కూడా నూటికి నూరు కాదని గమనించండి, అందుకే ఒక మందు పడకపోతే ఇంకోటి చూడాలి తప్ప మొత్తానికే వదిలేయకూడదు.

సైనస్ సంగతి మాత్రం జాగ్రత్తగా చదవండి. మైగ్రేన్‌లో ముక్కు కారొచ్చు, మూసుకుపోవచ్చు, కంట్లోంచి నీళ్ళు రావొచ్చు, బుగ్గ ఎముక దగ్గర బరువుగా ఉండొచ్చు, ఎందుకంటే ఇందాక చెప్పిన ట్రైజెమినల్ నరమే అక్కడికీ వెళ్తుంది. 2004లో వచ్చిన ఒక స్టడీలో తమకి ఉన్నది సైనస్ తలనొప్పి అని అనుకుంటున్న 2991 మందిని పరీక్షిస్తే 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా నొప్పే. నిజమైన సైనస్ ఇన్ఫెక్షన్ అయితే మామూలుగా చిక్కటి పసుపుపచ్చ చీమిడి, వాసన తెలియకపోవడం, ఒక్కోసారి జ్వరం ఉంటాయి, అంతేగానీ నెలకి రెండుసార్లు వచ్చి ఒకరోజు పడేసి మర్నాడు ఏమీ లేనట్టు పోదు. వాంతి వచ్చినట్టు ఉండడం, వెలుగు పడకపోవడం, నడిస్తే మెట్లెక్కితే ఎక్కువవడం, 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండడం, ఇవి ఉంటే ముక్కు ఎంత కారినా ముందు మైగ్రేన్‌నే అనుమానించాలి. సైనస్ అనుకుని ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్స్ మింగినవాళ్ళు నాకే ముగ్గురు తెలుసు.

21 రోజుల్లో శాశ్వతంగా పోతుందన్నది అబద్ధం. మైగ్రేన్‌ని మొత్తంగా మాయం చేసే మందు ఇప్పటికీ లేదు. తగ్గించేవి ఉన్నాయి, ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఫ్లునారిజిన్ లాంటివి, 2018 నుంచి సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు కూడా. మాత్రలైతే రోజూ వేసుకుంటూ కనీసం రెండు మూడు నెలలు చూడాలి, నొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టు లెక్క. నాకు నెలకి తొమ్మిది పది రోజులు ఉండేది ఇప్పుడు మూడుకి వచ్చింది. సున్నా కాలేదు, కానీ ఆ మిగిలిన ఆరేడు రోజులు నాకు తిరిగి దొరికాయి.

మెసేజ్‌లో అస్సలు లేని సంగతి ఒకటుంది, అది లేకపోవడమే నాకు భయం. అన్ని తలనొప్పులూ మైగ్రేన్ కావు. ఉన్నట్టుండి క్షణాల్లో జీవితంలో ఎప్పుడూ లేనంత నొప్పి పిడుగులా వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, తలకి దెబ్బ తగిలాక వచ్చినా, 50 దాటాక మొదటిసారి వచ్చినా, కాన్పు ముందూ తర్వాతా వచ్చినా, ఉప్పునీళ్ళూ వద్దు, నేను చెప్పిన మాత్రా వద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి. ఇంకా, నొప్పికి ముందు నేను చెప్పినట్టు మెరుపు గీతలు వచ్చే ఆడవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ విషయం డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, పక్షవాతం రిస్క్ పెరుగుతుంది.

ఇదంతా పిన్నికి ఫోన్ చేసి చెప్పా. సైనస్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చప్పుడు చెయ్యలేదు. కాసేపాగి, "నాకూ అంతేనే, నెలకి రెండుసార్లు, కుడికన్ను వెనకాల, లైటు ఆర్పేసి పడుకుంటా, ముక్కు కారుతుంది కదా అని సైనస్ అనుకున్నా" అంది. ఎన్నాళ్ళ నుంచి పిన్నీ అంటే ముప్ఫై ఏళ్ళ పైనే అంది. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్దాం, ఈలోపు ఒక క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన తేదీ, ఎన్నింటికి మొదలైంది, మాత్ర ఎన్నింటికి వేసుకున్నావు, ఈ మూడే రాసిపెట్టు అన్నా. నిన్న ఫోటో తీసి పంపింది, 11వ తేదీ గడిలో పెన్సిల్‌తో, పొద్దున 7కి మొదలు, 7:20కి మాత్ర.