చూపు ఆనని జిల్లాకు మరో సర్వే కావాలి

మా శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ చూపు సమస్య లేదని శాస్త్రీయంగా నిరూపించవచ్చు. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లో కంటి జబ్బుల మీద పెద్ద సర్వే చేశారు. పదివేల మందికి పైగా కళ్ళు చూసి, నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదని తేల్చారు. వాళ్ళలో నలభై నాలుగు శాతం మందికి కారణం శుక్లాలు. ఇంచుమించు ఆరో వంతు మందికి మాత్రం సరైన అద్దాలు పెడితే సరిపోయేది. ఇంతకీ ఎక్కడ చూశారయ్యా అంటే హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్. ఉత్తరాంధ్ర ఆ జాబితాలో లేదు. లెక్కలో లేని చోట జబ్బు మాత్రం ఎందుకుంటుంది? పైగా రాష్ట్రం విడిపోయాక ఆ నాలుగింటిలో మూడు తెలంగాణకు వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆంధ్రుల చూపు భారమంతా పశ్చిమ గోదావరి ఒక్కటే మోస్తోంది, పాపం.

అయినా మన పరిశోధన ఆగలేదు, కాస్త దూరం వెళ్ళిందంతే. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరివి కనబడే అద్దాలు ఇచ్చి చూశారు. జోళ్ళు లేనివాళ్ళ కంటే వాళ్ళు సుమారు 22 శాతం ఎక్కువ ఆకు కోశారని 2018లో అచ్చయింది. తర్వాత బంగ్లాదేశ్ పల్లెల్లో పంచితే ఎనిమిది నెలల్లో ఆదాయం 33 శాతం పెరిగిందని 2024లో తేలింది. అస్సాంలో రుజువైంది, బంగ్లాదేశ్‌లోనూ రుజువైంది. మా జిల్లా పలాసలో రుజువు కాలేదు గనక మనం తొందరపడకూడదు.

పలాస జీడి బట్టీల్లో ఆడవాళ్ళు పప్పు మీది సన్నటి పొరను చాకుమొనతో గీకి తీస్తారు. చెయ్యి కాస్త తప్పితే గుండు పప్పు బద్దవుతుంది, బద్దయితే ధర పడిపోతుంది. పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయో దాన్ని బట్టి పప్పుకు 180, 240, 320 అని నంబర్లున్నాయి. పప్పు నంబరు విదేశాల్లో కొనేవాడికి కూడా తెలుసు. దాన్ని ఒలిచే కళ్ళ నంబరు మాత్రం ఆ కళ్ళున్న మనిషికే తెలియదు. పొందూరు ఖద్దరు పని ఇంకా సున్నితం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి సన్నటి నూరో నంబరు నూలు వడుకుతారు. వడికేవాళ్ళలో చాలామంది పెద్ద వయసు ఆడవాళ్ళే. నూలుకూ నంబరుంది, చూశారా!

ఇలాంటివారి కోసం మనకు ఎప్పటినుంచో స్థిరపడిన వైద్య వ్యవస్థ ఉంది. వారానికోసారి సంతలో గోనెపట్టా మీద వెలుస్తుంది. జోళ్ళమ్మేవాడు కళ్ళకు ఒక జోడు పెట్టి, చేతికి పాత పేపరు ముక్క ఇచ్చి, "కనబడతందేటమ్మా?" అంటాడు. "కూసింత కనబడతంది బాబూ" అంటే ఇంకో జోడు. "ఇప్పుడు బాగుంది" అంటే పరీక్ష ముగిసింది, బేరం మొదలైంది. ఆ జోళ్ళను నేను వెక్కిరించడం లేదు. బంగ్లాదేశ్‌లో పంచినవీ ఇంచుమించు ఇలాంటి రెడీమేడ్ జోళ్ళే. కాకపోతే పేపరు ముక్క చదివేది రెండు కళ్ళూ కలిపి. ఒక కంట్లో శుక్లం ముదురుతున్నా, నీటికాసులు (గ్లకోమా) నొప్పి లేకుండా చూపు తినేస్తున్నా రెండో కన్ను చదివి పాస్ చేయించేస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు మళ్ళీ రాదు.

పట్టణానికి వస్తే సైన్స్ మరీ ముదిరింది. 'కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం' అని బోర్డు ఉంటుంది. గడ్డం ఆనించి లోపలికి చూస్తే రోడ్డు చివర బెలూన్ బొమ్మ మసకబారి, తేటపడి, మళ్ళీ మసకబారుతుంది. చీటీ బయటికొస్తుంది. ఆ అంకెలు మొదలుపెట్టడానికే. ఆ తర్వాత ఒక్కో కంటికీ అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, ఇందాకటిదా' అని అడగాల్సిన మనిషి ఒకరున్నారు. ఆ పనికి నాలుగేళ్ళ ఆప్టోమెట్రీ డిగ్రీ ఉంది, 2021లో పార్లమెంటు చేసిన చట్టం కూడా వీళ్ళను గుర్తించింది. మనం ఇంకా గుర్తించలేదు. ఆపరేషన్ చేసేవారు, అద్దాలు నిర్ణయించేవారు, ఫ్రేము తుడిచి ఇచ్చే కుర్రాడు, ముగ్గురూ మనకు కళ్ళ డాక్టర్లే. సమానత్వం అంటే ఇదీ.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం బడిపిల్లలతో మొదలైంది. అవ్వాతాతల వంతు 2020 ఫిబ్రవరిలో వచ్చింది, మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అయినా పథకం వచ్చి చూసి వెళ్ళింది, సైటు ఏటా పెరుగుతుంది. ఏడాది పొడవునా మండలంలో కూర్చునే మనిషి కావాలని అడగబోయాను గానీ, దానికి ఆధారాలు కావాలంటారు.

అందుకే నా విన్నపం. జీడి బట్టీల్లో, రాట్నాల దగ్గర వెంటనే సర్వే చేయించండి, ఐదేళ్ళయినా పర్వాలేదు. పద్ధతి ప్రకారం ప్రతి ఒక్కరి దగ్గరా సమ్మతి పత్రం తీసుకోవాలి. నాలుగు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. చివర 'పై విషయాలన్నీ స్వయంగా చదివి అర్థం చేసుకున్నాను' అని ఉంటుంది. దాన్ని చదవగలిగినవాళ్ళకు సర్వే అక్కర్లేదు. చదవలేనివాళ్ళ సమ్మతి చెల్లదు. ఇంకేం, శ్రీకాకుళంలో చూపు సమస్య లేదని రెండోసారి కూడా రుజువవుతుంది.