పార్కింగ్‌లో కూర్చున్న కారు కంప్రెసర్ మారిస్తే లేస్తుందా?

ఎయిర్ సస్పెన్షన్ కార్ల (ఇనప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద నిలబడేవి) గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. క్లుప్తంగా ఇదీ: "పొద్దున చూసేసరికి కారు కిందికి కూర్చుని ఉంటే కంప్రెసర్ పోయినట్టే. స్కానర్ పెట్టినా అదే చెబుతుంది. సబ్బు నీళ్లు చల్లి చూడండి, బుడగ రాకపోతే లీకు లేదు. వస్తే పంక్చర్ జెల్ ఎక్కించండి. అప్పటికీ కుదరకపోతే అంతా పీకేసి కాయిల్ స్ప్రింగులు వేయించుకోండి." పాత మెర్సిడెస్ ఎస్‌క్లాసో, ల్యాండ్ రోవర్ డిస్కవరీయో, ఆడి క్యూ7నో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఈ సలహా చాలా ఖరీదు పడుతుంది.

"కంప్రెసర్ పోయినట్టే"

కంప్రెసర్ పని గాలి నింపడం వరకే. కారు ఆపి తాళం వేశాక ప్రతి చక్రం దగ్గర బెలోలో (గాలి నిండే రబ్బరు సంచిలో) గాలిని నిలిపి ఉంచేది వాల్వ్ బ్లాక్‌లోని (గాలిని ఒక్కో చక్రానికి మళ్లించే వాల్వుల పెట్టెలోని) సోలెనాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు. అది సరిగ్గా మూసుకుని ఉంటే, కంప్రెసర్‌ని ఊడదీసి పక్కన పెట్టినా కారు దిగదు. రాత్రికి రాత్రి దిగిందంటే గాలి ఎక్కడో కారిపోతోంది. కంప్రెసర్ బలహీనపడితే కనిపించే లక్షణం వేరు: ఇంజన్ స్టార్ట్ చేశాక కారు లేవదు, లేదా లేవడానికి చాలాసేపు పడుతుంది.

ఈ రెండూ కలగాపులగం కావడానికి కారణం ఉంది. చిన్న లీకును పూడ్చడానికి కంప్రెసర్ పదే పదే తిరిగి వేడెక్కుతుంది, పిస్టన్ రింగు అరిగిపోతుంది, చివరికి అదీ పోతుంది. లీకును వదిలేసి కొత్తది బిగిస్తే దానికీ అదే గతి.

కాబట్టి మొదటి పనిముట్టు టేపు. చదును నేల మీద కారు ఆపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తగ్గినా లెక్క తప్పుతుంది. 12 గంటలయ్యాక, తలుపు తెరవకముందే, మళ్లీ కొలవాలి. తలుపు తెరిస్తే కొన్ని కార్లలో సిస్టం మేల్కొని ఎత్తు మార్చేస్తుంది. కొన్ని మిల్లీమీటర్లు తగ్గితే కంగారు వద్దు. 40 డిగ్రీల ఎండలో నిండిన గాలి తెల్లారేసరికి 20 డిగ్రీలకు చల్లబడితే దాని ఘనపరిమాణం సుమారు 6 శాతం తగ్గుతుంది, అది లీకు కాదు.

ల్యాండ్ రోవర్లలో ఇంకో మెలిక ఉంది. ఆపి ఉంచిన కారులో కంట్రోలర్ (సస్పెన్షన్‌ను నడిపే కంప్యూటర్) మధ్యమధ్య మేల్కొని, దిగిన మూలకు సమానంగా మిగతా మూలల్నీ దించుతుంది. ఒక్క బెలో కారినా నాలుగూ పోయినట్టు కనిపిస్తుంది. అందుకే పరీక్షకు ముందు సస్పెన్షన్ ఫ్యూజ్ తీసెయ్యాలి.

ఒక్క మూలే దిగితే ఆ మూల బెలో, పైపు, ఫిట్టింగ్, వాల్వు, ఈ నాలుగింటిలో ఒకటి. ముందు రెండూ సమానంగా దిగితే వాల్వ్ బ్లాక్‌ను అనుమానించాలి. కారు వంకరగా నిలబడినా రాత్రంతా అదే కొలత మీద ఉంటే గాలి పోవడం లేదన్నమాట. హైట్ సెన్సర్ (కారు ఎత్తు కొలిచేది) లింకు రాడ్డు విరిగిందేమో, ఊడిందేమో చూడండి.

"స్కానర్ చెప్పింది"

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ చెప్పేది లక్షణం, కారణం కాదు. ల్యాండ్ రోవర్‌లో సి1ఏ20 కోడ్ అర్థం, రిజర్వాయర్ (గాలి నిల్వ ఉండే ట్యాంకు) నింపేటప్పుడు ప్రెషర్ నెమ్మదిగా పెరుగుతోందని. కంప్రెసర్ అరిగినా అదే కోడ్, గాలి తీసుకునే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా అదే, డ్రైయర్ (గాలిలో తేమ తీసేసేది) పూడినా అదే, పైపు కారినా అదే.

కంప్రెసర్‌ని దోషి అనేముందు రెండు కొలతలు తీయాలి. అవుట్‌లెట్‌కు గేజీ బిగించి నడిపితే ప్రెషర్ 10 బార్ దాటాలి. అది నడుస్తుండగానే దాని కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడాలి. బ్యాటరీ దగ్గరి కంటే ఒక వోల్టుకు మించి తక్కువుంటే తప్పు కంప్రెసర్‌కు కరెంటు కలిపే స్విచ్చి అయిన రిలేదో, ఎర్త్ వైరుదో. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మాడిపోతుంది. కొత్త కంప్రెసర్‌తో కొత్త రిలే వేయమనేది అందుకే.

డ్రైయర్‌ని చాలామంది మరిచిపోతారు. అందులోని గింజలు గాలిలో తేమను పీల్చుకుంటాయి. కారు దిగేటప్పుడు బయటికి పోయే పొడి గాలి వాటిని మళ్లీ ఆరబెడుతుంది. లీకు వల్ల కంప్రెసర్ నింపుతూనే ఉంటే ఆరే వీలుండదు. తడిసిన గింజలు పొడై వాల్వ్ బ్లాక్‌లోకి చేరతాయి. ఒక్క రవ్వ వాల్వు కింద ఇరుక్కున్నా ఆ మూల దిగుతుంది, బెలో బాగానే ఉన్నా సరే.

"బుడగ లేకపోతే లీకు లేదు"

సబ్బు నీళ్లు మంచి పద్ధతే, కానీ ఆ ముక్తాయింపు తప్పు. బెలో రబ్బరు పగిలేది ఎక్కువగా కింది మడత దగ్గర. కారు ఎత్తు మారితే మడత జరుగుతుంది, పగులు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఒక వంతు గిన్నెలు తోమే లిక్విడ్, పది వంతుల నీళ్లు కలిపి, మామూలు ఎత్తులోనూ, పై ఎత్తులోనూ చల్లి కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. చాలా కార్లలో ముందు స్ట్రట్ (షాకబ్జార్బరూ బెలో కలిసిన భాగం) బెలో చుట్టూ అల్యూమినియం గొట్టమో, రబ్బరు కవరో ఉంటుంది, అక్కడికి సబ్బు చేరదు.

అప్పుడు కారును స్టాండ్ల మీద మామూలు ఎత్తులో నిలిపి, ఆ మూల పైపును వాల్వ్ బ్లాక్ దగ్గర విప్పాలి. గేజీ, మూసే వాల్వు ఉన్న టీ ఫిట్టింగ్ తగిలించి 6 బార్ నింపి, మూసేసి రాత్రంతా వదిలెయ్యాలి. గేజీ ముల్లు పడిపోతే తప్పు బెలోది లేదా పైపుది, నిలబడితే వాల్వుది. తిరిగి బిగించేటప్పుడు పైపు చివర గీతలు పడ్డ ముక్కను నిటారుగా కోసి కొత్త ఫిట్టింగ్ వాడాలి. విప్పి బయటికి తీసిన బెలోలో మాత్రం గాలి నింపొద్దు, పేలొచ్చు.

"పంక్చర్ జెల్ చాలు"

చాలదు. జెల్ వాల్వ్ బ్లాక్‌లోకి వెళితే దాన్నీ మార్చుకోవాలి. కదిలే మడత మీద ప్యాచ్ నిలవదు. అలాగని నాలుగూ మార్చనక్కర్లేదు. ఒకటి వయసుతో పగిలితే అదే యాక్సిల్ మీది రెండోదీ మార్చడం తెలివి.

"కాయిల్ స్ప్రింగులే నయం"

మామూలు షాకబ్జార్బర్లున్న పాత కార్లకు మంచి కిట్లు లేకపోలేదు. ఎలక్ట్రానిక్ డ్యాంపింగ్ (షాకబ్జార్బర్ గట్టితనాన్ని కరెంటుతో మార్చే ఏర్పాటు) ఉన్నవాటిలో మాత్రం ఆ సర్క్యూట్ తెగి వార్నింగ్ వెలుగుతూనే ఉంటుంది. డిక్కీలో బరువు వేసినప్పుడు వెనక భాగం తనంతట లేచే వసతి పోతుంది. పైగా తయారీదారు ఇచ్చిన నిర్మాణం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది.

ఆ మెసేజ్‌లో లేనిదీ, కొత్త బెలోలను చంపేదీ ఒకటుంది. జాకీ మీద చక్రాలు వేలాడినప్పుడు కారు మరీ ఎత్తుగా ఉందనుకుని కంట్రోలర్ గాలి వదిలేస్తుంది. ఖాళీ బెలో మీద కారు బరువు దించితే మడత నలిగి చిరుగుతుంది. ఎత్తేముందే జాకీ మోడ్ (కంట్రోలర్ ఎత్తు సర్దకుండా ఆపే సెట్టింగ్) పెట్టాలి. దించే ముందు, చక్రాలు నేల తాకకముందే, స్కానర్‌తో బెలోలో గాలి నింపాలి. గాలి మీదే నిలబడ్డ కారు కింద తల, చెయ్యి పెట్టొద్దు, స్టాండ్లు ఉండాలి. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌ల బోల్టుల ఆఖరి బిగింపు కారు మామూలు ఎత్తులో ఉన్నప్పుడే, లేదంటే వాటి బుష్‌లు (రబ్బరు కీళ్లు) మెలితిరిగి త్వరగా చిరుగుతాయి. సెన్సర్ మార్చి ఉంటే ఆ తర్వాత ఎత్తు క్యాలిబ్రేషన్ (సరైన ఎత్తు ఏదో సిస్టంకు మళ్లీ నేర్పడం) చేయించాలి.