జాతి ఒకటైతే విత్తనం ఎక్కడిదైనా ఒకటేనా?

వానలు మొదలవగానే విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "కొండల మీద సీడ్ బాల్స్ (విత్తనం పెట్టిన మట్టి ఉండలు) విసరండి. జాతి ఒకటైతే విత్తనం ఎక్కడిదైనా ఒకటే, మొక్క ఇక్కడికి అదే అలవాటు పడుతుంది. కాకపోతే సైంటిస్టులు ఒక్క జన్యువు మారిస్తే చాలు." 2014లో హుద్‌హుద్ తుఫాను మన కొండల్ని బోడి చేశాక పచ్చదనం కోసం ఈ ఊరు ఎంత తపిస్తోందో తెలుసు కాబట్టే దీన్ని వదిలేయలేకపోతున్నాను.

"జాతి ఒకటైతే ఒకటే" అన్నది తప్పు. ఫ్రాన్స్‌లో విల్మోరిన్ అనే వృక్షశాస్త్రవేత్త 1820ల్లోనే వేర్వేరు ప్రాంతాల పైన్ విత్తనాలు తెప్పించి ఒకే చోట పెంచాడు. నేల ఒకటే, వాన ఒకటే, అయినా తేడాలు పోలేదు. స్వీడన్ ఆస్పెన్ చెట్లలో ఇది ఇంకా స్పష్టం. ఉత్తరాదివి, దక్షిణాదివి పక్కపక్కనే నాటినా ఉత్తరాదివి ముందే ఎదుగుదల ఆపేసి మొగ్గ ముడుచుకుంటాయి. అక్కడ చలి తొందరగా వస్తుంది. ఆలస్యంగా ఆపేవి తరతరాలుగా దెబ్బతిని వెనకబడ్డాయి. ఈ తేడాలో పెద్ద వాటా ఎఫ్‌టీ2 అనే జన్యువు ఉన్న డీఎన్‌ఏ భాగం నుంచే వస్తుందని 2018లో తేలింది.

"అదే అలవాటు పడుతుంది" అనే మాటే ఎక్కువ నష్టం చేస్తుంది. మొక్క ఎండకి ఆకులు చిన్నవి చేసుకోగలదు, వేరు లోతుకి దింపగలదు. తన జన్యువుల్ని మాత్రం మార్చుకోలేదు. తట్టుకోలేనివి చచ్చి, తట్టుకున్నవి గింజ రాలిస్తేనే ఆ మార్పు వచ్చేది, అదీ తరాల మీద. 900 మీటర్ల ఎత్తున అరకు చలిలో నిలిచిన నేరేడు గింజ కైలాసగిరి ఉప్పుగాలిలోనూ అంతే బాగా నిలుస్తుందని ముందే అనుకోకూడదు. మొదటి రెండేళ్లు పచ్చగా కనిపించిందని మురిసిపోవద్దు, గట్టి కరువు వచ్చిన ఏడే అసలు పరీక్ష.

ఒక్క జన్యువు సంగతి: ఆస్పెన్‌లో కూడా అది మొగ్గ ముడిచే ఒక్క లక్షణానికే. కెనడాలో లాడ్జ్‌పోల్ పైన్, స్ప్రూస్ అనే రెండు రకాల చెట్లలోనూ వాతావరణానికి ముడిపడినవిగా 2016లో గుర్తించిన జన్యువులే 47.

అలాగని బయటి విత్తనం ఎప్పుడూ చెడ్డదని కాదు. వేడెక్కుతున్న రోజుల్ని దృష్టిలో పెట్టుకుని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2018లో విత్తనాల తరలింపు నిబంధనల్ని వాతావరణం ఆధారంగా మార్చింది. కానీ వాళ్లు ఏ గింజ ఎక్కడిదో రాసుకుని, దశాబ్దాలు నాటి చూసి ఆ పని చేశారు.

మన నర్సరీల్లో నల్ల కవర్ మీది చీటీలో "నేరేడు" అనే ఉంటుంది. ఆ గింజ ఏ కొండ మీద ఏరారో, ఒక్క చెట్టు కిందా చాలా చెట్ల కిందా అన్నది ఉండదు. కొనే ముందు అడగండి. చెప్పలేకపోతే, అటవీశాఖ అనుమతితో సింహాచలం, కంబాలకొండ వైపు చాలా చెట్ల నుంచి గింజలు ఏరించి పెంచుకుందాం.