గునుగు, తంగేడు ఊసేదండీ?

పూల పేర్ల అర్థాల మీద వ్యాసం ఇష్టంగా చదివాను. గులాబీ ప్రేమకు, మల్లె స్వచ్ఛతకు గుర్తన్నారు, బాగుంది. కానీ మా గునుగు, తంగేడు మాటే లేకపోయేసరికి మనసు చివుక్కుమంది.

మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి చేలో గునుగు కలుపే, వానాకాలమంతా పీకి గట్టున పడేస్తాం. బతుకమ్మ వచ్చిందంటే మాత్రం అదే పువ్వు కోసం తెల్లారకముందే చేలెంట తిరుగుతాం. అమ్మ ఆ తెల్ల కంకుల్ని కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, కొసలు రంగునీళ్లలో ముంచి ఆరబెట్టేది. రెండు రోజులు వేళ్లకు గులాబీ రంగు పోయేది కాదు. దాని శాస్త్రీయ నామం సెలోసియా అర్జెంటియా. మొదటి మాట గ్రీకులో 'మండుతున్నది' అనే అర్థం నుంచి, రెండోది లాటిన్‌లో వెండి నుంచి వచ్చాయి. పొద్దుటెండలో గునుగు చేను చూస్తే ఆ వెండి కళ్లకే కనిపిస్తుంది.

తంగేడు శాస్త్రీయ నామంలో 'ఆరిక్యులేటా' ఉంది, చెవులున్నదని అర్థం. ఆకు కాడ మొదట్లో చూడండి, చిన్న చెవిలాంటి రేకు అతుక్కొని ఉంటుంది. 2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది కూడా. తర్వాతి వ్యాసంలో ఈ రెండింటికీ చోటివ్వండి, దయచేసి.