కూర్చుని తింటే కొండలు పెరుగుతాయి

తెలుగులో దిద్దాల్సిన సామెతలు చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు దిద్దాల్సింది "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్నది. దీన్ని కట్టినవాడెవడో గానీ, సముద్రం వైపు ఒక్కసారి కూడా తొంగి చూసినవాడు కాదు. నేను చూశాను, బకెట్లో.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నేను నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన ఇల్లరికపు అల్లుణ్ణి. మా మామకు రొయ్యల గుంటలున్నాయి. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "గుంటలు చూసుకుంటున్నా" అంటాను. అబద్ధం కాదు. గట్టు మీద కుర్చీ వేసుకుని పొద్దస్తమానం చూస్తూనే ఉంటాను. మామ మాత్రం దాన్ని పని కింద లెక్కెయ్యడు. పై సామెతను రోజుకు రెండు పూటలా, సరిగ్గా నేను విస్తరి ముందు కూర్చున్నప్పుడే చదువుతాడు.

మొన్న ఉప్పుకాలవ నుంచి నీళ్లు లాగే మోటారు ఊరికే రొప్పుతుంటే పైపు బయటికి తీయించాడు. లోపలా బయటా తెల్లటి సున్నపు గొట్టాలు. ఒక్కోటి చీపురుపుల్లంత లావు. ముగ్గు చేతకానివాళ్లు పండగనాడు పంతానికి వేసినట్టు, మెలికలు తిరిగి ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉన్నాయి. "సాయంత్రంలోగా గీకెయ్ అల్లుడూ" అని నా చేతిలో కత్తి పెట్టి వెళ్లాడు మామ. నేను ఒక పెచ్చు ఊడదీసి, కాలవ నీళ్లు పట్టిన బకెట్లో వేసి, దాని పక్కన కూర్చున్నాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక గొట్టం మూతి దగ్గర బిరడా లాంటిది మెల్లగా కదిలింది. దాని వెనకే ఈకల విసనకర్ర ఒకటి విచ్చుకుంది, గోరంత కూడా లేదు. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. సరిగ్గా చూద్దామని వంగాను. నా తల నీడ పడిందో లేదో, అన్నీ ఒక్కసారిగా లోపలికి! మూతలు బిగిశాయి. చీటీలాయన బండి మలుపులో కనపడగానే మా వీధిలో తలుపులు కూడా ఇంత జోరుగా పడవు.

వీళ్లు వానపాముకు చుట్టాలు. ఒళ్లంతా వరసలుగా ముళ్లవెంట్రుకలు ఉంటాయి కాబట్టి శాస్త్రంలో పాలీకీట్లు అంటారు. మనకు పురుగులే. కానీ కూర్చుని తినడంలో మనకు గురుస్థానంలో ఉన్నవాళ్లను "అది" అనడం సభ్యత కాదు గనక, ఇక మీదట ఆయన అంటాను.

ఆయన చిన్నపిల్లగా ఉన్నప్పుడు నీళ్లలో తిరుగుతారు. తిరగడమంతా అప్పుడే. ఓడల అడుగున పేరుకునే హైడ్రాయిడెస్ ఎలిగాన్స్ అనే ఆయన్నే తీసుకోండి. సుమారు ఐదు రోజులకే స్థలం కొనేవాడిలా వెతుకులాట మొదలుపెడతారు. రాయి మీదో చెక్క మీదో సూక్ష్మజీవుల జిగురుపొర పట్టిందా లేదా అని తడిమి చూస్తారు. అది ఉంటే దిగుతారు, లేకపోతే ముందుకు పోతారు. దిగాక మెడ దగ్గరి గ్రంథుల నుంచి సున్నం ఊరించుకుంటూ చుట్టూ గొట్టం కట్టుకుంటారు. మేస్త్రీ లేడు, ప్లాన్ అప్రూవల్ లేదు. తలుపు కూడా సొంతమే. విసనకర్రలోని ఒక ఈకే మారి మూత అవుతుంది. దాని పక్కన ఇంకో బుల్లి మూత మొలిచి ఉంటుంది, అసలుది పోతే అది పెరిగి ఆ డ్యూటీ ఎక్కుతుంది. కారుకు స్టెప్నీ మనం కనిపెట్టామనుకుంటున్నాం.

ఈ ఎలిగాన్స్ గారికి 1883లో ఆస్ట్రేలియాలో హాస్వెల్ అనే ఆయన నామకరణం చేశాడు. ఇవాళ వెచ్చటి సముద్రాలన్నిటిలోనూ ఉన్నారు. ఓడ అడుగుకు అంటుకుని, కూర్చున్న చోటి నుంచి లేవకుండా లోకమంతా చుట్టేశారు. పాస్‌పోర్టు లేదు, డీజిల్ ఖర్చు ఓడ యజమానిది. పైగా ఆయన బరువుకూ గరుకుకూ ఆ డీజిల్ ఇంకాస్త ఎక్కువ కాలుతుంది. మా మామ కృష్ణపట్నం దాకా వెళ్లొస్తే మూడు రోజులు నడుం నొప్పి.

ఇక భోజనం. ఈకల మీద సన్నటి కేశాలుంటాయి. అవి కొట్టుకుంటుంటే నీళ్లు విసనకర్ర సందుల్లోంచి లోపలికొచ్చి పైకి పోతాయి. నీళ్లలోని నలకలు జిగురుకు చిక్కి, గాడిలో జారుకుంటూ నోటి దాకా వస్తాయి. ఆ కేశాలు అలా కొట్టుకుంటూనే ఉండాలి, ఆగితే ఆ పూట పస్తే. ఈ వివరం మన వాదానికి అప్రస్తుతం.

బురదతో, ఇసుకతో ఇల్లు కట్టుకునే సబెల్లా అనే దాయాదులు ఇంకా ఘనులు. వచ్చిన నలకలను మూడు రకాలుగా చెరుగుతారు. సన్నవి నోటికి, మధ్యరకం జిగురు కలిపి ఇంటి గోడకు, పెద్దవి బయటికి. మొలగొలుకులు పండిన జిల్లాలో పుట్టి, బియ్యం, నూకలు, రాళ్లు వేరుచేసే చేట ఇప్పుడు ఎంతమంది పట్టగలరు? ఇంటి ముందుకు బండి వస్తే తడి చెత్త, పొడి చెత్త అని రెండు రకాలు చేయడానికే మనకు మైకులో పాట కావాలి.

ఇంటికి ఒకటే తలుపు కదా, మరి ఆ పని ఎక్కడ అని మీరు అడగకపోయినా చెప్తాను. ఒంటి వెంబడి ఒక కాలవ ఉంటుంది. మలం దాంట్లోంచి పైకొచ్చి, విసనకర్ర గాలికి, అంటే నీటికి, దూరంగా కొట్టుకుపోతుంది. తినే నీళ్లలో కలవదు. మా వీధి మురుక్కాలవ గురించి ఇంతకన్నా మాట్లాడను. అలాగే ఈయన కుటుంబంలో చాలామంది రక్తం ఆకుపచ్చ. రంగుల గురించి కూడా ఇంతకన్నా మాట్లాడను, ఎప్పుడు ఏ ఎన్నికలొస్తాయో తెలీదు.

కొండల సంగతికి వద్దాం. ఉప్పూ మంచీ కలిసిన నీళ్లలో ఉండే ఇంకో సున్నపుగొట్టం ఆయనకు 1923లో ఫోవెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎనిగ్మాటికా అని పేరు పెట్టాడు, ఇప్పుడది ఎనిగ్మాటికస్ అయింది. అంటే అంతుచిక్కనివాడు. ఫ్రాన్స్‌లో ఒక కాలవలో దొరికారు, ఎక్కడి నుంచొచ్చారో ఎవరికీ తెలీదు. అడ్రస్ ప్రూఫ్ లేని ఆ మనిషి, మరి మనిషే అనుకుందాం, అర్జెంటీనాలో మార్ చికీటా అనే మడుగులో ఏం చేశారో తెలుసా? గొట్టం మీద గొట్టం కట్టి 7 మీటర్ల దాకా వెడల్పున్న దిబ్బలు లేపారు. కూర్చుని తింటూనే! సామెత కట్టినవాడి వారసులు ఎక్కడున్నా దీనికి సమాధానం చెప్పాలి.

"తిరక్క మగవాడు చెడ్డాడు" అని ఇంకో సామెత వినిపిస్తుంది. దాని రెండో సగం ఇంట్లో అంటే అన్నం పుట్టదు. మొదటి సగానికి మాత్రం జవాబుంది. ఈయన చుట్టాల్లోనే బురదలో తిరిగి బతికేవాళ్లున్నారు. తిరిగి ఏమయ్యారు? హేచరీల్లో తల్లిరొయ్యలకు మేత. గుడ్లు బాగా పెడతాయని బతికుండగానే వేస్తారు. గొట్టంలో కూర్చున్నవాణ్ణి ఏ హేచరీవాడూ పిలవలేదు.

ఇంకొకాయన ఉన్నారు, కీటాప్టెరస్. ఇసుకలో యు ఆకారపు గొట్టంలో కాపురం. మూడు రెక్కలతో నీళ్లు తోడుకుంటూ, జిగురుతో సంచీ అల్లి నీటిని వడగడతారు. చాలినంత పట్టాక సంచీని ఉండ చుట్టి మింగేస్తారు, మనం ముద్ద కలిపినట్టే. చీకట్లో నీలంగా వెలుగుతారు కూడా, గొట్టంలో చూసేవాళ్లు లేకపోయినా. ఆ గొట్టంలో తరచుగా చిన్న పీతలు, ఆలూమగలు, కాపురం పెట్టేస్తాయి. ఆయన తోడిన నీళ్లలోంచే తింటాయి. అద్దె లేదు, అడిగేవాడూ లేడు.

నేను ఇంతవరకు ఆలోచించేసరికి బకెట్ మీద ఇంకో నీడ పడింది. విసనకర్రలన్నీ లోపలికి వెళ్లిపోయాయి. నాకు గొట్టం లేదు.

"ఏంది ఇది?" అన్నాడు మామ.

ఇక దాచి లాభం లేదని, పైదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆశ్చర్యం, అడ్డు రాకుండా గట్టు మీద కూర్చుని మొత్తం విన్నాడు. చివర్న చుట్ట ఆర్పి, "ఆ పీత సంగతి ఇంకోసారి చెప్పు" అన్నాడు. చెప్పాను.

"అల్లుడూ, నువ్వు పురుగువి కావయ్యా" అని లేచి, కత్తి ఒకసారి, నన్ను ఒకసారి చూసి, మోటారు వైపు వెళ్లిపోయాడు.

మెచ్చుకున్నాడో లేదో తేల్చుకోలేక కాసేపు అక్కడే కూర్చున్నాను. బకెట్లో మూతలు మళ్లీ ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. పైపు గట్టు మీదే ఉంది. ఇంట్లోంచి చేపల పులుసు వాసన, వెనకే మా ఆవిడ పిలుపు.