ఎనిమిది గంటల నాయన

(కడప ఏడు రోడ్ల దగ్గర టీ అంగడి. బావ కువైట్‌లో తొమ్మిదేళ్లుగా ఇంటి డ్రైవర్. రేపు చెన్నైలో ఫ్లైటు. బావమరిది ఇక్కడే బడిపంతులు, కాబట్టి కాస్త ఉపన్యాసం తప్పదు.)

బావమరిది: ఈసారి పోవద్దు బావా. నీ కొడుకు ఎనిమిదో తరగతి. ఇక ఫోన్‌లో పెరిగే వయసు కాదు.

బావ: ఇన్నాళ్లూ పెరిగింది ఫోన్‌లోనే కదరా! నాకు సాయంత్రం ఐదున్నర, మీకు రాత్రి ఎనిమిది. వాడు ఫోన్ చెంబుకు ఆనించి లెక్కలు చేస్తాడు, నేను బండిలో కూర్చుని చూస్తుంటా. మాటలేం ఉండవు. పెన్సిల్ ఆగితే ఎక్కడో ఇరుక్కున్నాడని తెలిసిపోతుంది. ఇంట్లోనే ఉండే నువ్వు నీ కూతురి నోట్‌బుక్ ఎప్పుడు చూశావు?

బావమరిది: సరే, అది ఒప్పుకుంటా. కానీ మధ్యలో మేడమ్ పిలుస్తుంది, నువ్వు కట్ చేస్తావు. వాడు ఆ నల్ల స్క్రీన్ ముందు ఎంతసేపు కూర్చుంటాడో నేను చూశాను. ఇంకో మాట. అక్కడ నీ యజమాని, ఆ కఫీల్ పిల్లలు నలుగుర్నీ రోజూ బడికి దింపేది నువ్వే. ఎవరిది ఏ క్లాసో గడగడా చెప్తావు. మనోడి బడి గేటు ఏ పక్కనుందో చెప్పు?

బావ: (గ్లాసు కింద పెట్టి) వాళ్లను దింపితేనే వీడి ఫీజు. పిల్చుకుపోదామంటే మాది ఇంటి పనోళ్లకిచ్చే ఖాదిమ్ వీసా, పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోనివ్వరు. కంపెనీ వీసా వాళ్లకే 800 దినార్ల జీతం ఉండాలని 2024లో రూలు పెట్టారు. నాకొచ్చేది 120. బోరు ఎండి అప్పు మిగిలిననాడు ఇక్కడ ఎవరిచ్చారు దుడ్లు?

బావమరిది: దుడ్ల మాట కాదు బావా. పోయినేడు ఐదు రోజులు వాడు ఊరికి పోయాడు, సిగ్నల్ లేదు అన్నాం, గుర్తుందా? డెంగీ. ఆసుపత్రిలో ఉన్నాడు.

బావ: ...ఆ ఐదు రోజులూ ఎనిమిదింటికి ఫోన్ పట్టుకునే కూర్చున్నా.

బావమరిది: అక్కే వద్దంది. టెన్షన్‌లో బండి నడుపుతావని.

బావ: నేనూ చెప్పలేదులే. రంజాన్ నెలలో బండి గుద్దుకుని మొహానికి కుట్లు పడ్డాయి.

బావమరిది: వాడికి తెలుసు. నెలంతా కెమెరాకు ఒక చెంపే చూపించావంట.

బావ: మరి అడగలేదే!

బావమరిది: నాయన టెన్షన్ పడతాడని.

బావ: (లేచి) టీకి నువ్వే ఇయ్యి. ఎనిమిదవుతోంది.